బొర్రప్ప మీద శాఖాపరమైన విచారణ

సాంస్కృతిక శాఖ సహాయ సంచాలకులు వేదాద్రి గారు సర్కారు ఖర్చు మీద బాలి ద్వీపం వెళ్ళి పదకొండు రోజులుండి రావడమే ఈ గొడవకంతటికీ మూలం. ఆయన వెళ్ళకుండా ఉండి ఉంటే బొర్రప్ప సస్పెండయ్యేవాడు కాదు.

మామూలు మనిషి దేశం కాని దేశం పోయివస్తే ఇరుగుపొరుగుకు ఏ గవ్వల దండో, కొబ్బరిచిప్ప గరిటో తెస్తాడు. వేదాద్రి గారు ఒక ఆలోచన తెచ్చారు. సుంకం కట్టనక్కరలేని సరుకు కాబట్టి విమానాశ్రయంలో ఎవరూ ఆపలేదు.

అక్కడ ఆయన నీడబొమ్మల ఆట చూశారట. ఆడించే పెద్దాయన ఆట మొదలుపెట్టేముందు బొమ్మల పెట్టెను మూడుసార్లు తట్టి, లోపలున్నవాళ్ళను నిద్రలేపి, నమస్కారం పెట్టి అప్పుడు మూత తీశాడట. ఏడు నెలలకోసారి బొమ్మలకని ఒక పండుగ కూడా ఉందట. ఆ పొద్దు బొమ్మలన్నిటినీ బయటికి తీసి, పూలూ పండ్లూ పెట్టి, మంత్రాలు చదువుతారట. అది విని వేదాద్రి గారికి కళ్ళు చెమర్చాయి. మామూలువాడైతే అక్కడ కళ్ళు తుడుచుకుని ఊరుకునేవాడు. ఆయన అధికారి. తుడుచుకుంటూనే ఆలోచించారు.

"అక్కడ బొమ్మకు అంత గౌరవం. ఇక్కడ మన బొమ్మకు కనీసం సర్వీసు రిజిస్టరు కూడా లేదే!"

తిరిగొచ్చిన వారంలో సర్క్యులర్ వెలువడింది. "బొమ్మను వస్తువుగా పరిగణించు పురాతన దృక్పథమును విడనాడి, సదరు బొమ్మను సజీవ కళాకారునిగా గుర్తించి, తత్సంబంధిత సేవా నిబంధనలను వర్తింపజేయుటకు ఇందుమూలముగా ఆదేశించడమైనది." కింద పచ్చ సిరాతో సంతకం.

ఆ సర్క్యులర్ జిల్లా అంతా తిరిగి తిరిగి చివరికి గుండ్లకుంట చేరింది. గుండ్లకుంటలో ఉన్న ఒకే ఒక్క బొమ్మలాట మేళం తుకోజీరావుది.

తుకోజీరావుకు అరవై ఎనిమిదేళ్ళు. వాళ్ళది ఇంట్లో మరాఠీ, సంతలో కన్నడం, తెర వెనక తెలుగు. మగ బొమ్మలన్నిటికీ గొంతు ఆయనది, ఆడ బొమ్మలన్నిటికీ ఆయన భార్య గోవిందుబాయిది. నలభై ఏళ్ళుగా మొగుడూ పెళ్ళాలిద్దరూ తెర వెనక నిలబడి, కాళ్ళకింద చెక్కపలకలు దడదడలాడిస్తూ లంకలు తగలబెట్టారు, వారధులు కట్టారు. ఆయన కోపంలో ఉంటే ఆ రోజు ఆటలో అర్జునుడు ఎక్కువ బాణాలు వేసేవాడు. ఆమె కోపంలో ఉంటే మండోదరి రావణుడికి అన్నం పెట్టేది కాదు.

వాళ్ళింట్లో బొమ్మలంటే మనుషులే. పెట్టెలో దేవుళ్ళు పైన పడుకుంటారు, రాక్షసులు అడుగున పడుకుంటారు, కొట్లాడుకోకుండా మధ్యలో ఒక పాత చీర. బొమ్మ చిరిగి పనికిరాకుండా పోతే పారెయ్యరు. బియ్యం, పసుపు పెట్టి పెన్నలో వదిలి, తలకు పోసుకుని ఇంటికొస్తారు. అందుకే సర్వేకని వచ్చిన అమ్మాయి ట్యాబు తెరిచి, "మేళంలో ఎంతమందున్నారు తాతా?" అని అడిగితే, తుకోజీ ఉన్నదే చెప్పాడు.

"డెబ్బై ముగ్గురం తల్లీ."

ఆ అమ్మాయి గుండెలో రాయి పడింది. అయినా తన జాతకంలో రాసిపెట్టి ఉందనుకుని, ఒక్కొక్కరి పేరూ, వయసూ అడిగింది. ఆయన చెప్పాడు. హనుమంతుడికి నూటపదేళ్ళు, మా ముత్తాత తోలు కోసి చేసినాడు. సీతమ్మకు ఇరవై, పాత సీతమ్మ చిరిగిపోయింది. రావణుడికి అరవై. ఎండ నడినెత్తికొచ్చేసరికి డెబ్బై ఒక్కమంది అయ్యారు.

"ఇంకిద్దరు?"

"నేనూ, మా ఆడమనిషీ."

"మీరు తెర మీద కనిపిస్తారా తాతా?"

"మేం కనపడితే ఆట చెడిపోదా తల్లీ! కనపడకుండా ఉండేదానికే గదా ఇన్నేండ్లు నేర్చుకున్యాం."

ట్యాబులో రెండే గళ్ళున్నాయి: తెరపై కనిపించు కళాకారులు, ఇతర సహాయకులు. ఆ అమ్మాయి డెబ్బై ఒక్కమందిని మొదటి గడిలో, మొగుడూ పెళ్ళాలను రెండో గడిలో వేసుకుని, గోవిందుబాయి ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా గుర్తింపు కార్డులొచ్చాయి. డెబ్బై ఒక్కటి. తుకోజీ వాటిని పరిచి చూసుకుని పడీపడీ నవ్వాడు. ఆంజనేయస్వామి కార్డు మీద "పెళ్ళి కాలేదు" అని చూసి గోవిందుబాయి కూడా నవ్వింది. అప్పటికి నవ్వులాటగానే ఉండింది.

కార్డుల వెనకే హాజరు వచ్చింది. కళాకారులందరూ రోజూ పది గంటలకు ఫోనుకు ముఖం చూపించాలట. తుకోజీ పొద్దున్నే లేచి, తోలుబొమ్మలను వరసగా గోడకు ఆనించి, ఒక్కొక్కరి ముందూ ఫోను పట్టేవాడు. ఫోను ఒప్పుకునేది కాదు. "దయచేసి రెండు కళ్ళూ కెమెరా వైపు చూపండి" అనేది.

తోలుబొమ్మ పక్కకు తిరిగి నిలబడుతుంది. దానికుండేది ఒకే కన్ను. రాముడిదీ ఒకే కన్ను, సీతదీ ఒకే కన్ను. ఈ సంగతి తుకోజీ ఆఫీసుకు ఫోను చేసి చెప్పాడు. ఆఫీసువాళ్ళు సంగతిని కూలంకషంగా పరిశీలించి, వైద్య ధ్రువపత్రాలు తెమ్మన్నారు. పెద్దాసుపత్రి కంటి డాక్టరు మంచివాడు, పెట్టె చూసి ఏమీ అడక్కుండా డెబ్బై పత్రాలు రాసిచ్చాడు, కుడి కన్ను లేనివాళ్ళు కొందరు, ఎడమ కన్ను లేనివాళ్ళు కొందరు.

డెబ్బయ్యే ఎందుకంటే, మేళంలో ఎదురుగా చూసేవాడు ఒక్క రావణాసురుడే. నడిమి తలకు రెండు కళ్ళూ నిండుగా ఉంటాయి. ఫోను ఆయన్ను చూడగానే పచ్చదీపం వెలిగించి స్వాగతం పలికేది. మొదట్లో మాత్రం మిగతా తొమ్మిది తలలనూ "అనధికార వ్యక్తులు, దూరంగా నిలబడండి" అని కసురుకుంది గానీ, తర్వాత అలవాటు పడింది. మూడు నెలలకు లెక్క తీస్తే జిల్లా మొత్తమ్మీద ఒక్క రోజు కూడా నాగా లేని కళాకారుడు రావణుడొక్కడే. ఉగాది నాడు ఆయన్ను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, ఉత్తమ సేవా పత్రం ఇచ్చారు. పది తలల మీద శాలువా నిలవక జారిపోతుంటే వేదాద్రి గారే స్వయంగా రెండుసార్లు సర్దారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో సగంమంది రాముడి భక్తులు.

ఇదంతా బాగానే ఉంది. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. వచ్చింది బొర్రప్ప నోటివల్ల.

బొర్రప్ప అంటే ఆ మేళంలో నవ్వించే బొమ్మ. బానపొట్ట, గుండుతల, పిలక. పెళ్ళాం పేరు సింగారక్క. కథలో వీళ్ళకు పనిలేదు. కానీ యుద్ధానికీ యుద్ధానికీ మధ్య వీళ్ళిద్దరూ వచ్చి పోట్లాడుకోకపోతే జనం కూర్చోరు. మేళంలో దవడ ఆడే బొమ్మ బొర్రప్ప ఒక్కడే. దవడకు కట్టిన దారం లాగితే టపటపమని నోరు తెరుస్తాడు.

వాణ్ణి కోసింది తుకోజీ తండ్రి కృష్ణోజీరావు. ముసలాయనకు అప్పటికే చూపు తగ్గింది. అయినా మేకతోలు మీద వేలితో తడుముకుంటూ ఉలితో చుక్కచుక్కా పొడిచి, అందరికీ పెట్టినట్టే కన్ను ఆఖర్న పెట్టాడు. అది కాస్త పైకి పోయింది. అందుకే బొర్రప్ప ఎప్పుడూ ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని చూస్తున్నట్టు ఉంటాడు. ఆ తర్వాత ముసలాయన ఉలి పట్టలేదు. తండ్రి చేతి పనిలో తుకోజీకి మిగిలింది వాడొక్కడే.

ఏప్రిల్ మొదట్లో, మార్కెట్ యార్డులో సర్కారువారి ఆట. పొద్దుగుంకి దీపాలు పెట్టే వేళ. ముందు వరస కుర్చీల్లో వేదాద్రి గారు, పక్కన కలెక్టరాఫీసు పెద్దలు. ఇంద్రజిత్తు పడిపోయాక బొర్రప్ప, సింగారక్క తెరమీదికొచ్చారు.

"ఏం మామా, ఈపొద్దు ఆపీసుకు పోల్యా?" అంది సింగారక్క, గోవిందుబాయి గొంతుతో.

"పోయినానే! నాకంటే ముందే నా నీడ పోయి కుర్చీలో కూర్చోనుండాది. నువ్వెందుకొచ్చినావని నన్నే అడిగె."

"నువ్వేమంటివి?"

"సంతకం పెట్టేదానికి వస్తినంటి. అది నేను పెట్టినాలే, నువ్వు ఇంటికి పో అనె. ఆపీసంతా తిరిగి చూస్తినే సింగారీ, యా కుర్చీలో చూసినా నీడలే. మనుషులంతా బయట టీ తాగుతా ఉండారు."

"మరి పెద్దసారో?"

"పెద్దసారు నీడ గూడా ల్యాదే! అది గూడా టూరు మీద ఉండాది."

యార్డు యార్డంతా గొల్లుమంది. వేదాద్రి గారు కూడా నవ్వారు. నిజం చెప్పాలంటే అందరికంటే ముందు నవ్వారు. పక్కవాళ్ళు తెరను వదిలి తనవైపు చూసి నవ్వుతున్నారని తెలిశాక ఆపారు.

నాలుగో రోజు మెమో వచ్చింది. తుకోజీకి కాదు.

"శ్రీ బొర్రప్ప, తండ్రి: కీ.శే. కృష్ణోజీరావు, హోదా: హాస్య కళాకారుడు, రెండవ శ్రేణి. తాము విధి నిర్వహణలో ఉండి బహిరంగ ప్రదేశమున శాఖ ప్రతిష్ఠకు భంగకరముగా ప్రసంగించినందున, తమను తక్షణమే సస్పెండు చేయడమైనది. సస్పెన్షను కాలమున తాము ప్రధాన కార్యాలయమును విడిచి వెళ్ళరాదు."

తుకోజీ బొర్రప్పను తెల్లబట్టలో చుట్టుకుని, గోవిందుబాయిని వెంటబెట్టుకుని పొద్దుటి బస్సుకు ఆఫీసుకు పోయాడు. వేదాద్రి గారి గదిలో నిలబడి చేతులు జోడించాడు.

"సార్, ఆ మాటలన్యది నేను. గొంతు నాది. వీడు వట్టి తోలు సార్. శిక్షేదో నాకెయ్యండి."

వేదాద్రి గారు జాలిగా చూశారు. "తుకోజీరావు గారూ, కూర్చోండి. మొదట్లో నిందితుల తరఫువాళ్ళందరూ ఇలాగే అంటారు. మీ అభిమానం నాకర్థమైంది. కానీ రికార్డు ప్రకారం మీరు సహాయకులు."

"నలభై ఏండ్లుగా నేనే గదా సార్ ఆడిచ్చేది!"

"వట్టి తోలు అన్నారు చూశారా, ఆ మాట వెనక్కి తీసుకోండి. ఒక కళాకారుడికి సొంతంగా మాట్లాడే తెలివి లేదనడం ఆయన వ్యక్తిత్వాన్ని కించపరచడం. బాలిలో ఈ మాట అని ఉంటే..." అని ఆయన కిటికీలోంచి దూరంగా చూశారు. ఏమై ఉండేదో చెప్పలేదు.

సస్పెండైనవాడు ఆఫీసు దాటకూడదు. తోలుబొమ్మకు ఆఫీసులో ఉండదగ్గ చోటు ఇనప బీరువా ఒక్కటే. బీరువా తాళంచెవులు సూపరింటెండెంటు ఫకృద్దీన్ సాయిబు దగ్గరుంటాయి. ఆయన పాపం పాత ఫైళ్ళు రెండు పక్కకు జరిపి, కింద వార్తాపత్రిక పరిచాడు.

"సాయిబూ, జాగ్రత్తప్పా," అన్నాడు తుకోజీ. "ఎండాకాలం. ఇనుము కాలుతుంది. వారానికోసారన్నా బయటికి తీసి గాలికి పెట్టాల, ఒక చుక్క నూనె రాయాల. ల్యాకుంటే తోలు బిగుసుకుపోయి పగులుతుంది. పగిలినాదంటే మళ్ళీ అతకదు. మా నాయన ల్యాడు ఇంకోటి కోసిచ్చేదానికి."

"రాసుకుంటా పెద్దాయనా," అన్నాడు సాయిబు. రాసుకున్నాడు కూడా. "సస్పెన్షనులో ఉన్న వ్యక్తిని వారానికొకసారి బయటికి తీసి నూనె రాయుటకు అనుమతి కోరుతూ" అని నోటు పెట్టాడు. అది పైకి పోయి, "నూనె ఏ పద్దు కింద?" అన్న ప్రశ్నతో తిరిగి వచ్చింది. సాయిబు జవాబు రాశాడు. అది మళ్ళీ పైకి పోయింది.

ఇక్కడ గుండ్లకుంటలో తుకోజీకి అన్నం సయించడం లేదు. ఒప్పుకున్న ఊళ్ళల్లో ఆట ఆడక తప్పలేదు. ఇంద్రజిత్తు పడిపోయేవాడు, జనం నవ్వడానికి సర్దుకుని కూర్చునేవాళ్ళు, ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. "బొర్రప్ప యాడ తుకోజీ?" అని కేకలు. "ఆపీసులో ఉండాడప్పా" అంటే, అదే పెద్ద జోకనుకుని ఒక్కసారి నవ్వి లేచి పోయేవాళ్ళు. రాముడు గెలిచే వేళకు చూసేవాళ్ళు ఇద్దరుండేవాళ్ళు, అందులో ఒకడు నిద్రపోయేవాడు. పెట్టె మూస్తూ గోవిందుబాయి సింగారక్కను ఒంటరిగా పడుకోబెట్టలేక, పక్కన తన చేతిరుమాలు మడిచి పెట్టేది.

నెలాఖరుకు విచారణ అన్నారు. విచారణాధికారిగా పశువుల డాక్టరుగా చేసి రిటైరైన సంజీవరాయుడు గారిని వేశారు. నిందితుడిది మేకతోలు కాబట్టి విషయం తెలిసినవాడు ఉండాలని వేదాద్రి గారి పట్టుదల.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు వేదాద్రి గారు బీరువా తలుపును మూడుసార్లు తట్టి, సాయిబు చేత తీయించారు. బొర్రప్పను కుర్చీలో కూర్చోబెట్టారు. తుకోజీ ఆత్రంగా చూశాడు. రంగు వెలిసింది. పొట్ట దగ్గర తోలు అప్పడంలా పైకి లేచింది. ఇంకా పగల్లేదు. తాకబోతే బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు.

సంజీవరాయుడు గారు కళ్ళద్దాలు తుడుచుకుని అభియోగం చదివారు. "శ్రీ బొర్రప్ప గారూ, నేరం అంగీకరిస్తున్నారా?"

బొర్రప్ప పైకి చూస్తున్నాడు.

"లేదంటారా?"

బొర్రప్ప పైకే చూస్తున్నాడు.

"నిందితుడు రెండు విధాలుగానూ ఏమీ చెప్పలేదని రాసుకో," అన్నారు గుమాస్తాతో.

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ గోవిందుబాయి ఉండబట్టలేక, "సామీ, కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే ఆయప్ప ఎట్ల చెప్తాడు? తెర కట్టాల, దీపం పెట్టాల. అప్పుడు గదా నోరొచ్చేది!" అంది.

సంజీవరాయుడు గారు ఆలోచించారు. ముప్ఫై ఏళ్ళు మాట్లాడలేని పశువుల దగ్గర పనిచేసిన మనిషి. "న్యాయంగానే ఉంది. నిందితుడికి తన వాదన వినిపించుకునే అవకాశం ఇవ్వకపోతే విచారణ కొట్టుడుపోతుంది. ఏర్పాట్లు చేయండి."

కిటికీలకు దుప్పట్లు కట్టారు. శాఖవారి బ్యానరు ఉంటే దాన్ని తిప్పి, వెనక తెల్లవైపు తెరగా లాగారు. టేబులు లైటు పెట్టారు. తుకోజీని ద్విభాషిగా నియమించి, నిందితుడు చెప్పినదానికి ఒక్క మాట కలపననీ, ఒక్క మాట తీసెయ్యననీ ప్రమాణం చేయించారు. విచారణ రహస్యం. అయినా గదిలో ఆఫీసు ఆఫీసంతా ఉంది. పక్కనున్న ఖజానా ఆఫీసువాళ్ళు కూడా గోడల వెంబడి నిలబడ్డారు.

తెర వెనక్కి పోతుంటే గోవిందుబాయి మొగుడి చొక్కా పట్టి లాగింది. "తప్పైందని చెప్పించు, అంతే. ఇంగో మాట వద్దు. వాణ్ణి ఇంటికి తీసుకపోదాం."

"అంతేలే," అన్నాడు తుకోజీ. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

లైటు వెలిగింది. బొర్రప్ప నీడ తెర మీద పడగానే, ఇంకా ఏమీ అనకముందే ఖజానావాళ్ళు నవ్వారు.

"ఆఫీసులో మనుషులు లేరని, నీడలే ఉన్నాయని మీరు అన్నారా?" అని అడిగారు సంజీవరాయుడు గారు.

"అంటి సామీ. తప్పైపాయ. గుంజిళ్ళు తీస్తా," అని బొర్రప్ప వంగి చెంపలేసుకున్నాడు. దవడ కిర్రుమంది గానీ ఆడింది.

వేదాద్రి గారి ముఖం విప్పారింది.

"అంటే అది అబద్ధమని ఒప్పుకుంటున్నారా?"

"అబద్ధమే సామీ! శుద్ధ అబద్ధం!"

ఇక్కడ ఆపేసి ఉంటే సరిపోయేది. తుకోజీ ఆపాలనే అనుకున్నాడు. కానీ బొమ్మను నిలబెట్టే వెదురు దబ్బ చేతికొచ్చి, ఎదురుగా తెర, అవతల ఊపిరి బిగబట్టిన జనం. నలభై ఏళ్ళ అలవాటు. ఆ క్షణాన ఎవరు ఎవర్ని ఆడిస్తున్నారో ఆయనకే తెలియలేదు.

"నెలదినాలు ఆ బీరువాలో ఉండి సందులోంచి కండ్లారా చూస్తి సామీ," అన్నాడు బొర్రప్ప. "ఈ ఆపీసులో నీడలు గూడా ల్యావు. మిట్టమధ్యానం ఫ్యానొక్కటే డ్యూటీ చేస్తా ఉండాది!"

గుమాస్తా రాసేది మానేసి బల్లమీద తల పెట్టుకుని నవ్వాడు. సంజీవరాయుడు గారికి నవ్వి నవ్వి ఎక్కిళ్ళు పట్టుకుంటే సాయిబు మంచినీళ్ళు తెచ్చాడు. తెర వెనక తుకోజీ మాత్రం నాలుక కరుచుకుని నిలబడ్డాడు. గోవిందుబాయి ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

బొర్రప్ప మళ్ళీ బీరువాలోకి పోయాడు. "చెప్పి చెప్పి పంపితి గదయ్యా!" అంది ఆమె బస్టాండులో.

"నేను కాదే. వాడే," అన్నాడు తుకోజీ. తర్వాత ఆ మాటకు తనే ఉలిక్కిపడ్డాడు.

విచారణ నివేదికలో సంజీవరాయుడు గారు రాసింది ఇదీ: "నిందితునిలో పశ్చాత్తాపము కానరాలేదు. అభియోగము రుజువైనది, అదనముగా విచారణ సమయమున మరియొక అభియోగము తనంతట తానే రుజువైనది. నిందితుని తోలు మాత్రము మేలుజాతి మేకది." ఇరవై మూడు రోజులు ఫైలు నడిచింది. అవి ఎలాంటి ఇరవై మూడు రోజులంటే, ఆ మే నెలలో గుండ్లకుంటలో కాకులు కూడా నడుచుకుంటూ పోయాయి, ఎగిరితే రెక్కలు కాలతాయని. తుకోజీ రోజూ మధ్యాహ్నం ఇంటిముందున్న రేకును చేత్తో తాకి చూసుకునేవాడు. చురుక్కుమనగానే బీరువా గుర్తొచ్చేది.

చివరికి ఉత్తర్వు వచ్చింది. సాయిబే ఫోను చేసి చదివి వినిపించాడు. "శ్రీ బొర్రప్పను సర్వీసు నుండి శాశ్వతముగా తొలగించడమైనది."

తుకోజీ నేలమీద కూలబడి ఏడ్చాడు.

"ఏడుస్తావేందప్పా!" అన్నాడు సాయిబు. "తీసేసినారంటే ఇంగ మావోడు కాదు. ఇంటికి తీసకపోవచ్చు. ఈ ఆపీసులో ఇంతకంటే పెద్ద మేలు నేను ఇంతవరకూ చూడల్యా."

తుకోజీ లేచి కండువా భుజాన వేసుకునేలోగా సాయిబు మళ్ళీ అన్నాడు: "ఒగటే మెలిక. రికార్డులో నువ్వు వట్టి సహాయకుడివి. మనిషిని నీకప్పజెప్పే దానికి ల్యాదు. కుటుంబసభ్యులే రావాల. సర్వీసు రిజిస్టర్లో కుటుంబం కింద ఒగటే పేరుండాది."

"ఎవురిది?"

"సింగారక్కది."

మర్నాడు పదకొండు గంటలకు సింగారక్క ఆఫీసుకొచ్చింది. గోవిందుబాయి చేతిలో నిటారుగా నిలబడి, ముక్కెరతో, కొప్పుతో, ఒంటికన్నుతో. గుర్తింపు కార్డు చూశారు. కంటి డాక్టరు పత్రం చూశారు. వేదాద్రి గారు గదిలోంచి బయటికొచ్చి, ఆడమనిషి వచ్చింది కదా అని లేచి నిలబడమని సిబ్బందికి సైగ చేశారు.

"అమ్మా సింగారక్క గారూ, శాఖ పక్షాన విచారం వ్యక్తం చేస్తున్నాను. మీ భర్త ప్రతిభావంతులే. నోరే..."

"నోరు సంగతి నాకి చెప్తావా సామీ!" అంది సింగారక్క. "నలభై ఏండ్లుగా కాపరం చేసేది నేను గదా! ముందు మనిషిని చూపించు."

గోవిందుబాయి పెదవులు కదలడం అందరికీ కనిపిస్తూనే ఉంది. ఎవరూ ఆమెవైపు చూడలేదు.

సాయిబు బీరువా తెరిచి, బొర్రప్పను రెండు చేతులమీదా తెచ్చి బల్లమీద పడుకోబెట్టాడు. తుకోజీ వంగి చూశాడు. పొట్ట కింద ఒక పగులు. జానెడు లేదు, బెత్తెడు ఉంది. కాళ్ళు రెండూ కర్రల్లా బిగుసుకున్నాయి. కన్ను మాత్రం అలాగే పైకి చూస్తోంది. తుకోజీ దబ్బ పట్టుకుని మెల్లగా లేపి నిలబెట్టాడు.

"సిగ్గు ల్యాదా నీకి?" మొదలుపెట్టింది సింగారక్క. "ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంటివే! ఇంగ ఇంట్లో కూర్చోని మూడు పూటలా నా పానం తినేదానికా? మాట్లాడవేం? ఊరందరి ముందరా వాగుతావే, పెండ్లాం అడిగితే నోరు పెగల్దా?"

గుమాస్తాలు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. తుకోజీ దారం లాగాడు. దవడ కదల్లేదు. ఇంకాస్త లాగాడు. దారం బిగిసింది గానీ దవడ కదల్లేదు. గట్టిగా లాగితే ఊడి చేతికొస్తుంది. నలభై ఏళ్ళలో సింగారక్క తిట్టి ఊపిరి తీసుకున్నాక బొర్రప్ప బదులు చెప్పకుండా ఉండడం అదే మొదలు. గదిలో ఎవరో దగ్గి ఊరుకున్నారు.

గోవిందుబాయి సింగారక్కను ఎడమ చేతిలోకి మార్చుకుంది. కుడి చెయ్యి తన కొప్పులోకి పోనిచ్చి, పొద్దున రాసుకున్న కొబ్బరినూనె వేలికి అద్దుకుంది. వంగి, బొర్రప్ప దవడ కీలు మీద రాసింది. మళ్ళీ కొప్పులో వేలు పెట్టి, మళ్ళీ రాసింది. పసిపిల్లవాడికి చుక్కబొట్టు పెట్టినట్టు, తొందర లేకుండా, మూడుసార్లు.

"ఇప్పుడు లాగు," అంది తన సొంత గొంతుతో.

తుకోజీ లాగాడు. కిర్రుమంది. ఇంకోసారి లాగాడు. దవడ తెరుచుకుంది.

"ఏమే సింగారీ," అన్నాడు బొర్రప్ప. "తిట్టినన్ని తిట్టుకోవే. నువ్వొకదానివి వచ్చినావు, నేను బయటపడితి. ఆ బీరువాలో నాకంటే ముందునించి ఉన్నోళ్ళు శానామంది ఉండారే. ఒగడిది ఏడేండ్ల నాటి ఫించనంట, ఒగడిది కాలు పోయిందని పెట్టుకున్న అర్జీ అంట. ఎండకు మూలుగుతా ఉండారు. మీవాళ్ళెవురూ రారాప్పా అని అడిగితి. తిరిగి తిరిగి రావడం మానేసినారంట."

ఎవరూ నవ్వలేదు. వేదాద్రి గారు కళ్ళద్దాలు తీసి చూసుకున్నారు.

గోవిందుబాయి తెల్లబట్ట పరిచింది. ఇద్దర్నీ ఎదురెదురుగా పడుకోబెట్టి చుట్టింది. మొగుడూ పెళ్ళాలు ఆ మూటను మధ్యలో పట్టుకుని మెట్లు దిగిపోయారు.

సాయిబు బీరువా తలుపు వేద్దామని లేచాడు. చెయ్యి తలుపు మీద వేసి, మూయకుండానే వంగి, అడుగునున్న ఫైలు ఒకటి లాగి బల్లమీద పెట్టుకుని దుమ్ము దులిపాడు.